ముప్పై ఒకటో పాఠం కింద రాసిందెవరు?

చనిపోయిన మనిషి వారానికి రెండుసార్లు రాస్తోంది. మంగళవారం ఒకటి, శుక్రవారం ఒకటి. ఎప్పుడూ పొద్దున పదకొండు గంటలకే.

తబితా ఆ రాతలను తన దుకాణంలో కూర్చుని చదువుతుంది. ఇల్లందు బస్టాండుకు ఎదురుగా ఆమెకు జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ ఉంది. చెల్లెలు బ్లెస్సీ నడిపిన యూట్యూబ్ చానల్ పేరు ‘బ్లెస్సీ కంప్యూటర్ పాఠాలు’. మొత్తం నలభై మూడు వీడియోలు. బ్లెస్సీ పోయి పదకొండు నెలలైంది. నాలుగు నెలల కిందట మొదటి వీడియో కింద, అంతవరకూ ఖాళీగా ఉన్న చోట, స్టెప్పులు వచ్చాయి. ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి, తప్పుల్లేని తెలుగులో. నాలుగు రోజులకు రెండో వీడియో కింద వచ్చాయి. ఇప్పటికి ముప్పై ఒకటి.

అలా రాయమని బ్లెస్సీని బతికుండగా బతిమాలింది తబితాయే.

"గుండాల దిక్కు వీడియో ఎక్కదే. చక్రం తిరుగుతనే ఉంటది. కింద నాలుగు లైన్లు రాస్తే నీ సొమ్మేం పోతది?" అనేది.

"రాసింది చదివితే కంటికొస్తది అక్కా. చూసి చేస్తే చేతికొస్తది," అని బ్లెస్సీ నవ్వేది. "నీ గోడ మీది అట్టలు చూడు. దవాఖానల మందుల చీటీ లెక్క, రాసినోళ్ళకే అర్థమైతయి."

తబితా దుకాణం గోడల నిండా ఆ అట్టలే. ఆదాయం సర్టిఫికెట్‌కు ఎక్కడ నొక్కాలి, ఫొటో సైజు ఎట్లా తగ్గించాలి, అన్నీ వరసగా ఆమె చేతిరాతలో ఉంటాయి. అక్క రాసేది, చెల్లె చూపించేది. ఇంట్లో అన్నం ముందు కూర్చున్నా ఇద్దరికీ అదే పంచాయితీ. బ్లెస్సీ బతికున్నన్నాళ్ళూ ఒక్క లైను రాయలేదు.

ఇప్పుడు రాస్తోంది.

పక్కనే మొబైల్ రిపేర్ షాపు నడిపే క్రాంతికుమార్ మాత్రం భయపడలేదు. "దయ్యానికి డేటా ప్యాక్ ఎందుకక్కా? మీ చెల్లె ఫోన్ ఎవరి చేతులనో పడ్డది. అందుల అకౌంట్ తెరిచే ఉన్నది. గంతే."

"మరి పదకొండు నెలల సంది సిమ్ము బంద్ ఉన్నది గద?"

"సిమ్ము పారేసిండ్రు, ఫోన్ పారెయ్యలె. దొంగోడు."

"దొంగోడు కూసోని ఎక్సెల్ పాఠాలు రాస్తడా?"

క్రాంతికుమార్ స్క్రూడ్రైవర్‌తో చెవి గోక్కున్నాడు.

తబితా తల్లి లిదియా దగ్గర మాత్రం దానికి జవాబు ఉంది. ప్రతి మంగళవారం, శుక్రవారం ఆమె ఆ రాతలను కూతురి చేత చదివించుకుంటుంది. ఎక్సెల్ అంటే ఏమిటో ఆమెకు తెలియదు. అయినా ప్రార్థనలో కూర్చున్నట్టు తల మీద కొంగు కప్పుకుని వింటుంది.

"నా బిడ్డకు ఆడ తీరిక దొరికింది. రాస్తుంది," అంది ఒకరోజు. "నువ్వే గదా రాయమని అడిగింది. నీకే రాస్తుంది తబితా."

ఆ మాటకు తబితా ఫోన్ పక్కన పెట్టేసింది. ఎందుకంటే తల్లికి తెలియనిది ఒకటి ఆమెకు తెలుసు.

బ్లెస్సీ పోయింది మే నెలలో, బోడు దారిలో, మూడో కల్వర్టు దగ్గర. పల్లెల్లో మహిళా సంఘాలకు కంప్యూటర్ నేర్పి స్కూటీ మీద తిరిగొస్తోంది. రోడ్డు పనికి పోసిన కంకర మీద బండి జారింది. చేతి గడియారం మూడు దాటి ఐదు నిమిషాల దగ్గర ఆగిపోయింది. నాలుగింటికి బస్సు డ్రైవర్ చూసేసరికి ఒంట్లో ప్రాణం లేదు, పక్కన ఎవరూ లేరు, ఫోన్ కూడా లేదు. పడగానే పోయి ఉంటుందని అందరూ అన్నారు. బాధ తెలియకుండా పోయిందని పాస్టర్ గారు సమాధి దగ్గర చెప్పారు. లిదియా ఆ ఒక్క మాటను పట్టుకుని బతుకుతోంది.

కానీ ఆ రోజు మూడు ముప్పై ఎనిమిదికి తబితాకు బ్లెస్సీ నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

ఎత్తింది. మాట లేదు. గాలి హోరు, దాని వెనక ఎవరో రొప్పుతున్న శబ్దం. దుకాణంలో పదిమంది క్యూలో ఉన్నారు. "బ్లెస్సీ, సిగ్నల్ లేదు, మళ్ళ చెయ్యి," అని కట్ చేసింది. మూడు నలభై ఒకటికి మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే రొప్పు. గొంతులోంచి మాట కాని ఒక చప్పుడు. మళ్ళీ కట్ చేసింది.

ఆ సాయంత్రమే కాల్ లిస్టులోంచి ఆ రెండు లైన్లు తీసేసింది. ఎవరికీ చెప్పలేదు. ఫోన్లో రొప్పింది ఎవరు? చెల్లెలే అయితే, ఆఖరి ఊపిరితో అక్కను పిలిస్తే, అక్క రెండుసార్లు గొంతు నొక్కేసినట్టు. పదకొండు నెలలుగా తబితా తెలుసుకోవాలనుకుంటున్నది, తెలుసుకోవడానికి వణుకుతున్నది ఆ ఒక్క సంగతే.

ముప్పై ఒకటో పాఠం కింద స్టెప్పులు వచ్చిన మూడో రోజు, సోమవారం మధ్యాహ్నం, గుండాల దిక్కు నుంచి సునంద వచ్చింది. అంగన్‌వాడీ టీచర్. భుజాన లాప్‌టాప్ సంచి, మొహం నిండా చెమట.

"తబితక్కా, మీ చెల్లె నన్ను నిండా ముంచింది," అని లోపలికి వస్తూనే అనేసి నాలుక కరుచుకుంది. "అయ్యో, తప్పు. పోయినామెను అనొద్దు. కానీ చూడు నా గతి."

అరవై ఒక్క మంది పిల్లల పేర్లు, ఎత్తులు, బరువులు ఎక్సెల్‌లో ఎక్కించింది. తక్కువ బరువున్న పిల్లలు పైకి వచ్చేలా వరస మార్చమని సూపర్‌వైజర్ అడిగింది. వాళ్ళ ఊళ్ళో వీడియో ఆడదు. కింద రాసిన స్టెప్పులను కాగితం మీద దించుకుని, అచ్చం అలాగే చేసింది.

"ఏమైంది?"

"నాలుగేండ్ల పోరనికి ఆరు కిలోలు, ఆరు నెలల పసిదానికి పదహారు కిలోలు! బరువులు మారినయి, పేర్లు కదల్లే."

తబితా ఆ కాగితం తీసుకుని చదివింది. ‘ఒకటి. బరువుల వరస పైన ఉన్న అక్షరం నొక్కాలి. రెండు. పైన సార్ట్ గుర్తు నొక్కాలి. మూడు. చిన్న పెట్టె వస్తుంది. అందులో రెండో గుండ్రం నొక్కాలి. నాలుగు. బరువులు మారుతాయి. ఐదు. చేతులు తీసి కాసేపు ఆగాలి. బరువులు వాటంతట అవే పాత చోటికి వస్తాయి.’ ఆ తర్వాత ఇంకో ఐదు స్టెప్పులు ఉన్నాయి.

"ఐదో స్టెప్ చేసినవా?"

"గంట సేపు కూసున్న అక్కా చేతులు ముడ్సుకోని. రాలే. మా ఆయన టీ ఇచ్చి, ‘ఏందే, దేవుని కోసం చూస్తున్నవా’ అన్నడు. కరెంటు పోతదేమోనని సేవ్ కొట్టి బంద్ చేసిన."

ఇంకో రోజైతే తబితా నవ్వేది. అంకెలు వాటంతట అవే వెనక్కి రావడం ఏమిటి? ఆమె ముప్పై ఒకటో వీడియో తెరిచింది. చెల్లెలు పోయాక ఏ వీడియోనూ సౌండ్‌తో చూడలేదు. ఆ గొంతు వినే ధైర్యం లేక ముందే స్పీకర్ బంద్ చేసింది.

తెర మీద బాణం గుర్తు కదిలింది. అక్షరం నొక్కింది. సార్ట్ నొక్కింది. చిన్న పెట్టె వచ్చింది. రెండో గుండ్రం. బరువులు మారాయి. బాణం కదలకుండా ఆగింది. పది సెకన్లు, పదిహేను సెకన్లు. ఉన్నట్టుండి బరువులన్నీ పాత చోటికి వచ్చేశాయి. ఎవరూ ఏదీ నొక్కలేదు.

అచ్చం రాసినట్టే ఉంది.

"సౌండ్ పెట్టక్కా, ఏం చెప్తుందో విందాం," అని సునంద చెయ్యి చాపి స్పీకర్ తిప్పింది.

బ్లెస్సీ గొంతు దుకాణమంతా నిండింది.

"...చూసిండ్రా, అందరూ చేసే తప్పు ఇదే! ఒక్క వరసనే పట్టుకోని సార్ట్ కొడితే పొట్టోని బరువు పొడుగోనికి పోతది. గిట్ల చెయ్యొద్దని చూపించిన. భయపడకుండ్రి. ఇప్పుడు కంట్రోల్, జెడ్, రెండూ కలిపి నొక్కుతున్న. చూడుండ్రి, వచ్చేసినయి. ఇప్పుడు సరైన పద్ధతి..."

అదీ బ్లెస్సీ అలవాటు. ముందు తప్పు చేసి చూపిస్తుంది, నోటితో వద్దంటుంది, తర్వాత ఒప్పు చేస్తుంది. తప్పని చెప్పేది గొంతు మాత్రమే. తెరకు ఆ సంగతి తెలియదు. కీబోర్డు మీద ఏది నొక్కిందో కూడా తెర చూపించదు.

ముప్పై ఒక్క పాఠాలు రాసిన మనిషి ఒక్క పాఠాన్ని కూడా వినలేదు.

సునంద ఫైలును సరిచేసి ఆమెను పంపేసరికి రెండున్నర అయింది. తబితా షట్టర్ సగం దించి, ఆ వీడియో కింద కామెంట్ పెట్టింది. అంతకుముందు ఎన్నోసార్లు ‘ఎవరు నువ్వు?’ అని రాసింది. జవాబు రాలేదు. ఈసారి వేరే ప్రశ్న రాసింది.

‘నీకు వినపడదా?’

ఐదు నిమిషాలు గడిచాయి. బయట కొత్తగూడెం బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. తెర మీద చెల్లెలి ఫొటో, చెల్లెలి పేరు. వాటి పక్కన ఒక్క మాట వచ్చింది.

‘వినపడదు.’

తబితా కుర్చీలోంచి లేచి నిలబడింది. సమాధి మీద తను వేసిన మట్టి గుర్తుకొచ్చింది. మళ్ళీ కూర్చుంది. టైప్ చేసింది.

‘ఆ రోజు నాకు ఫోన్ చేసింది నువ్వేనా?’

‘రెండుసార్లు చేశాను. మీరు ఎత్తారు.’

ఆ తర్వాత జవాబులు వరసగా వచ్చాయి.

‘మీరు అడిగారు కాబట్టి చెప్తున్నాను. నాన్న తన నెత్తి మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు, ఆ రోజు సంగతి నా అంతట నేను ఎవరికీ చెప్పనని. ఆ రోజు గురించి అడిగితే చెప్పవచ్చు.’

‘మీ చెల్లెలు ఈ ఫోన్‌లో ఆఖరికి ఒక వీడియో తీసింది. ఏమి చెప్పిందో నాకు తెలియదు. మీరు చెవులు ఉన్న మనిషి. రండి.’

‘రేపు పదకొండు గంటలకు. మూడో కల్వర్టు.’

తబితా మొత్తం చెరిపేసింది. తల్లి చెవిన పడకూడదు.

మర్నాడు టేకులపల్లి మీదుగా బోడు బస్సెక్కి మూడో కల్వర్టు దగ్గర దిగింది. కండక్టర్ వింతగా చూశాడు. "ఈడ ఊరు లేదమ్మా."

"తెలుసు."

బస్సు వెళ్ళిపోయాక అడవి మీదికి వచ్చినట్టనిపించింది. ఎండిన టేకాకులు ఒక్కొక్కటే రాలుతున్నాయి. అరచెయ్యంత ఆకులు నేలకు తగిలినప్పుడల్లా వెనక ఎవరో అడుగు వేసినట్టు చప్పుడవుతోంది. రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. గాలిలో ఇప్పపువ్వు వాసన. రోడ్డుకు ఎడమవైపు చిన్న గుట్ట. చేతిలో ఫోన్ చూసుకుంది. సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు.

మూడోసారి తిరిగి చూసేసరికి మనిషి ఉంది.

రెండడుగుల దూరంలో ఇరవై రెండేళ్ళ అమ్మాయి. చప్పుడు లేకుండా ఎట్లా వచ్చిందో తెలియదు. చంకలో పొడుగాటి నోటు పుస్తకం. చేతిలో బ్లెస్సీ ఫోన్. వెనక అంటించిన పసుపు పువ్వు స్టిక్కర్ కూడా అట్లాగే ఉంది. తబితా నోట అరుపు వచ్చింది. ఆ అమ్మాయి కళ్ళు కూడా కదపలేదు. అరుపు ఆమెకు చేరలేదు.

పుస్తకం తెరిచి రాసింది. ‘నా పేరు లాలి. పదో తరగతి వరకు ఖమ్మంలో చదివాను. చెవిటి పిల్లల బడి.’

తబితా పెన్ను అందుకునేలోపు ఒక బైకు వచ్చి ఆగింది. యాభై ఏళ్ళ మనిషి దిగి, పరుగున వచ్చి లాలి చేతిలోని ఫోన్ లాక్కున్నాడు. కూతురి వైపు కోపంగా ఏవో సైగలు చేశాడు. లాలి అంతకంటే కోపంగా సైగలు చేసి, తబితా వైపు వేలు చూపించింది.

"నువ్వు ఆ పోయినామె అక్కవా?" అన్నాడు అతను. "నేను హాతీరాంను. ఈమె నాయిన్ని. పోలీసులను తీసుకొచ్చినవా?"

"లేదన్నా. ఒక్కదాన్నే వచ్చిన."

"నా బిడ్డ ఏం చెయ్యలేదమ్మా. మేకలు మేపుకుంట చూసింది. ఉరికొచ్చింది. నీ చెల్లెనే ఫోన్ చేతుల పెట్టింది. నా బిడ్డ గుట్టెక్కి దిగేసరికి బస్సోళ్ళు, జనం. శవాన్ని లేపుతున్నరు. మూగపిల్ల, చేతిల ఫోను. తండా పిల్ల చేతిల ఫోన్ దొరికితే ఏమంటరు? చంపి గుంజుకున్నదంటరు. ఎవడు నమ్ముతడు? నేనే సిమ్ము ఇరిసి పారేసిన. ఫోన్ బావిల పడేద్దామంటే ఈమె పడనియ్యలె. మళ్ళ నాకు తెల్వకుండ నా పాత సిమ్ము ఏసుకున్నది."

"నేను నమ్ముతన్న."

"నువ్వు నమ్మితే సరిపాయెనా? రేపు మీ అమ్మ, మీ పాస్టరు, మీ జనం?"

పదకొండు నెలలు తబితా ఎవరికీ చెప్పని మాట ముక్కూ మొహం తెలియని మనిషి ముందు బయటికి వచ్చింది.

"నీ బిడ్డ నాకు రెండుసార్లు ఫోన్ చేసిందన్నా. నేను ఎత్తిన. మాట రాలేదని కట్ చేసిన. తప్పు ఎవరిదని అడిగితే ముందు నా పేరు చెప్పాలె. మీ పేరెట్ల చెప్త?"

హాతీరాం ఫోన్‌ను కూతురికి కాకుండా తబితాకు ఇచ్చాడు. దూరంగా వెళ్ళి, బైకుకు ఆనుకుని, వాళ్ళకు వీపు చూపించి నిలబడ్డాడు.

కల్వర్టు గోడ మీద ఇద్దరూ కూర్చున్నారు. లాలి వీడియో తీసి పెట్టింది. ఒక నిమిషం నలభై రెండు సెకన్లు.

బ్లెస్సీ మొహం ఒక్కటే కనిపిస్తోంది. పెదవులు తెల్లగా ఉన్నాయి. తల కింద ఎవరిదో పచ్చ చున్నీ మడిచి పెట్టి ఉంది. తబితా సౌండ్ పెంచింది.

"అక్కా... ఆన్ అయింది. ఇగో, ఇంటున్నవా. కంకర మీద జారిన. నడుము కింద ఏం తెలుస్తలేదు. ఈడ సిగ్నల్ లేదు. ఒక పిల్ల దొరికింది. ఇనపడదు, మాట రాదు. గుట్ట ఎక్కితే సిగ్నల్ ఉంటది, పో తల్లీ అంటున్న. పోతలేదు. నా చెయ్యి ఇడుస్తలేదు." బ్లెస్సీ కెమెరా పక్కకు చూసింది. "పో తల్లీ. ఏడ్వకు. పచ్చగుర్తు చూపించిన గద, గది నొక్కు. పో. నాకేం గాదు, నేను ఈడ్నే ఉంట. పో."

తర్వాత కొంతసేపు ఊపిరి శబ్దమే ఉంది. తబితా వీడియో అయిపోయిందనుకుంది. అవలేదు.

"అక్కా, ఇది నీకే చేస్తది. నీ నంబరే మీదున్నది. దానికి మాట రాదు. కట్ చెయ్యకు. ఏం ఇనపడకున్నా కట్ చెయ్యకు. నేనే అనుకోని లైన్ల ఉండు."

తెర ఆగింది.

తబితా ఆ ఫోన్‌ను ఒళ్ళో పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. ఆ మాట అప్పుడే చేరి ఉంటే మనుషులు వచ్చేవాళ్ళు. చేరలేదు. బ్లెస్సీ తనకు తెలిసిన పద్ధతిలోనే చెప్పింది. ఆ మాట ఫోన్‌లోనే ఇరుక్కుపోయింది.

లాలి ఆమె మోచేతిని తాకింది. పుస్తకంలో ఖాళీ పేజీ తెరిచి పెన్ను ఇచ్చింది. పైన ముందే రాసి ఉంచిన ప్రశ్న ఉంది. ‘నేను ఆమెను వదిలి వెళ్ళాను. వద్దు, పోవద్దు అన్నదా?’

ఈ అమ్మాయి ఇన్నాళ్ళూ మోసింది ఇదన్నమాట.

తబితా రాయడం మొదలుపెట్టింది. విన్నది విన్నట్టు, ఒక్కో లైను. ‘పో’ అని నాలుగుసార్లు రాసింది, ఎందుకంటే బ్లెస్సీ నాలుగుసార్లు అంది. లాలి పక్కనుంచి చదువుతూ ఆ మాట దగ్గర వేలు పెట్టి ఆగింది. రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆ ఏడుపు చప్పుడు తబితా గుర్తుపట్టింది. మాట కాని ఆ చప్పుడు, మూడు నలభై ఒకటికి ఫోన్లో విన్నదే.

‘నాకేం గాదు, నేను ఈడ్నే ఉంట. పో’ వరకు రాసి తబితా పెన్ను మూత పెట్టింది.

లాలి కళ్ళు తుడుచుకుని పేజీ చూసింది. తల అడ్డంగా ఊపింది. ఫోన్ తీసుకుని వీడియోను ఆఖరికి జరిపి, బ్లెస్సీ పెదవులు మళ్ళీ కదిలే చోట ఆపింది. ఈ పెదవులను ఆమె ఎన్ని వందలసార్లు చూసి ఉంటుందో. అక్కడ వేలు పెట్టి, పేజీలో ఖాళీ చూపించింది.

"గది నీకు సంబంధం లేనిదే," అంది తబితా, వినపడదని తెలిసీ.

లాలి వేలు తీయలేదు.

తబితా మూత తీసి మిగిలిన మాటలు రాసింది. ‘కట్ చెయ్యకు’ అని రెండుసార్లు. పెన్ను కాగితానికి గుచ్చుకుని చిన్న చిల్లు పడింది. లాలి చదివింది. తల ఎత్తి తబితాను చూసింది. ఆ చూపులో నింద ఉంటుందని తబితా కాచుకుంది. లాలి పెన్ను తీసుకుని దాని కిందే రాసింది.

‘గుట్ట మీద ముందు ఈ వీడియోనే మీకు పంపాను. చక్రం తిరిగింది. పోలేదు. తర్వాత ఆమె చూపించిన పచ్చగుర్తు నొక్కాను. నాకు తెలుగు రాయడం వచ్చు. మూడో కల్వర్టు, తొందరగా రండి అని ఒక్క మెసేజ్ రాస్తే వెళ్ళిపోయేది. రాయలేదు. ఆమె ఏది చూపిస్తే అదే చేశాను. ఇంటికి వెళ్ళాక గుర్తు వచ్చింది, నాకు రాయడం వచ్చని.’

దాని కింద ఇంకో లైను రాసింది.

‘అందుకే అన్ని పాఠాల కింద రాస్తున్నాను.’

రాలిన ఆకొకటి ఆ పేజీ మీద పడింది. ఇద్దరిలో ఎవరూ తీయలేదు.

తిరుగు బస్సులో తబితాకు కిటికీ పక్కన సీటు దొరికింది. సంచిలో బ్లెస్సీ ఫోన్ ఉంది. దాన్ని ఇంటికి తీసుకుపొమ్మని హాతీరామే అన్నాడు. ఆమె ఒక తెల్ల కాగితం తీసి, బస్సు కుదుపుల మధ్య చెల్లెలి మాటలను మళ్ళీ రాసింది. ఈసారి తల్లి కోసం. ‘నాకేం గాదు’ దగ్గర ఆపేసింది. మడిచింది. కాగితానికి ఒక సుఖం ఉంది. ఎక్కడ కావాలంటే అక్కడ ఆపవచ్చు. కింద ఏం మిగిలిందో చదివేవాళ్ళకు తెలియదు. తల్లికి కూతురి ఆఖరి మాటలు దక్కుతాయి, పెద్ద కూతురు కూడా మిగులుతుంది. తనకు కావలసిన ‘పో’ దొరికాక లాలి కూడా అక్కడే ఆగిపోయి ఉండవచ్చు. వద్దని ఎవరూ అడ్డం పడలేదు. కానీ ఆ అమ్మాయి తెర మీద నుంచి వేలు తీయలేదు.

ఇల్లు చేరేసరికి మూడున్నర. లిదియా వాకిట్లో చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది.

"ఇయ్యాల మంగళారం గద. రాసిందా బ్లెస్సీ?"

"లేదమ్మా. రాసేది బ్లెస్సీ కాదు."

తబితా ఎదురుగా కూర్చుని, బోడు దారి గురించి, లాలి గురించి చెప్పింది. పడగానే పోలేదని చెప్పింది. లిదియా చేతిలో బియ్యం వేళ్ళ సందుల్లోంచి చేటలోకి జారిపోయాయి.

"ఎంతసేపు ఉన్నది?"

"అరగంట పైన."

"ఏమన్నదో తెలుసా?"

ఒక చేతిలో మడిచిన కాగితం ఉంది. రెండో చేతిలో ఫోన్. తబితా కాగితాన్ని నలిపి పిడికిట్లోనే ఉంచుకుంది. ఫోన్ తల్లి చేతిలో పెట్టి, సౌండ్ పూర్తిగా పెంచింది.

ఒక నిమిషం నలభై రెండు సెకన్లు లిదియా కదల్లేదు. బ్లెస్సీ గొంతు వాకిలి దాటి వీధిలోకి వెళ్ళింది. ‘నేనే అనుకోని లైన్ల ఉండు’ అని ఆగింది.

"వచ్చిందా ఫోను?" అంది లిదియా.

"వచ్చింది."

"ఎత్తినవా?"

"ఎత్తిన. కట్ చేసిన. రెండుసార్లు."

లిదియా తల ఎత్తలేదు. ఎదురింట్లో ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు వస్తోంది.

"ఆ పిల్ల పేరేందంటివి?"

"లాలి."

"రేపు నన్ను తీస్కపో ఆమె కాడికి."

పెద్ద కూతురి మొహం చూడకుండానే ఆ మాట అంది. తర్వాత ఫోన్‌ను కళ్ళకు దగ్గరగా పట్టుకుంది. తెర మీద వేలు అటూ ఇటూ జరిపింది. ఏమీ కదల్లేదు.

"మళ్ళ మొదటి నుంచి రావాలంటే యాడ నొక్కాలె?" అంది.

తబితా జరిగి, తల్లి పక్కన కూర్చుని చూపించింది.